చాప్‌లిఫ్టర్‌లో 64 మందినీ ప్రాణాలతో తీసుకురావడం ఎలా

చాప్‌లిఫ్టర్ అనే పాత కంప్యూటర్ గేమ్‌లో పాయింట్లు లేవు. స్క్రీన్ పైభాగాన మూడు అంకెలు కనిపిస్తాయి, అంతే. మీరు విడిపించాల్సిన బందీల్లో చనిపోయినవాళ్ళు ఎందరు, హెలికాప్టర్‌లో ఎక్కినవాళ్ళు ఎందరు, క్షేమంగా దిగినవాళ్ళు ఎందరు. మీరు ఎన్ని ట్యాంకులు పేల్చారో, ఎన్ని యుద్ధవిమానాలు కూల్చారో ఆట ఎక్కడా రాసిపెట్టుకోదు. పేరుకి ఇది యుద్ధ హెలికాప్టర్ గేమ్. చేతికి తుపాకీ కూడా ఇస్తుంది. కానీ ఇందులో గెలుపు కాల్చడం మీద కాదు, నేల మీద కుదురుగా వాలడం మీద ఆధారపడి ఉంటుంది. ఈ ఒక్క సంగతి మొదట్లోనే చెప్పేవాళ్ళు ఉంటే నేను చాలా సాయంత్రాలు ట్యాంకుల వెంట తిరిగి పోగొట్టుకునేవాణ్ణి కాదు. అందుకే ఈ మార్గదర్శిలో ఎక్కువ భాగం దిగడం గురించే ఉంటుంది.

ఆట ఏమిటి, ఎక్కడిది

1982లో అమెరికాలో డాన్ గోర్లిన్ అనే ప్రోగ్రామర్ యాపిల్ టూ కంప్యూటర్ కోసం దీన్ని రాశాడు. బ్రోడర్‌బండ్ సంస్థ విడుదల చేసింది. కథ చిన్నది. బంగెలింగ్ సామ్రాజ్యం అనే కల్పిత దేశం 64 మందిని బందీలుగా పట్టుకుంది. వాళ్ళంతా శాంతి, పిల్లల పెంపకం అంశాల మీద ఐక్యరాజ్యసమితి సదస్సుకు వచ్చిన ప్రతినిధులు. ఉత్తరాలు వేరుచేసే యంత్రమని చెప్పి హెలికాప్టర్ విడిభాగాలను రహస్యంగా ఆ దేశంలోకి చేరవేశారు. అందుకే మన స్థావరం ఒక పోస్టాఫీసు, దాని మీద అమెరికా జెండా.

ఈ ఆట వచ్చేనాటికి అమెరికన్ల మనసుల్లో బందీల మాట ఇంకా పచ్చిగానే ఉంది. 1979 నవంబరులో టెహ్రాన్‌లోని అమెరికా రాయబార కార్యాలయాన్ని ఆక్రమించి పట్టుకున్నవారిలో 52 మంది 444 రోజుల తర్వాత, 1981 జనవరిలో విడుదలయ్యారు. మధ్యలో 1980 ఏప్రిల్‌లో హెలికాప్టర్లతో వాళ్ళను విడిపించబోయిన ప్రయత్నం ఎడారిలోనే విఫలమై 8 మంది అమెరికన్ సైనికులు చనిపోయారు. ఆ సంఘటనను దృష్టిలో పెట్టుకుని ఆట చేయలేదని గోర్లిన్ చెప్పాడు. అయినా ఆనాటి ఆటగాడికి ఎడారిలో వాలే హెలికాప్టర్, దానివైపు పరుగెత్తే మనుషులు ఏం గుర్తుచేసి ఉంటాయో ఊహించడం కష్టం కాదు.

మనవాళ్ళలో తొంభైల నాటి స్కూల్ కంప్యూటర్ ల్యాబుల్లో ప్రిన్స్ ఆఫ్ పర్షియా ఆడని తరం అరుదు. దాన్ని తయారుచేసిన జోర్డన్ మెక్నర్ అంతకు ముందు చేసిన తన గేమ్ కరాటెకా మీద చాప్‌లిఫ్టర్ ప్రభావం ఉందని చెప్పుకున్నాడు. తెర మీద కొన్ని చుక్కలంత ఉన్న మనిషి కూడా మనిషిలా కదిలితే చూసేవాడి గుండె కదులుతుందన్న నమ్మకం ఇద్దరిలోనూ కనిపిస్తుంది. చాప్‌లిఫ్టర్‌లో ఆట ముగిసినప్పుడు వచ్చేది కూడా మామూలు గేముల్లో వచ్చే మాట కాదు. సినిమా చివర పడినట్టు ‘ది ఎండ్’ అని పడుతుంది.

ఇప్పుడు ఆడాలంటే

ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే వెబ్‌సైట్‌లో పాత యాపిల్ టూ గేములు బ్రౌజర్‌లోనే నడుస్తాయి. విండోస్‌లో అయితే యాపిల్‌విన్ అనే ఎమ్యులేటర్ (పాత కంప్యూటర్‌ను అనుకరించే సాఫ్ట్‌వేర్) నమ్మకమైనది. అందులో రెండు ఆల్ట్ మీటలు జాయ్‌స్టిక్ బటన్లుగా పనిచేస్తాయి. ఎడమది మొదటి బటన్, కుడిది రెండోది.

అయితే కీబోర్డుతో ఈ ఆటను అంచనా వేయకండి. యాపిల్ టూ జాయ్‌స్టిక్ అనలాగ్ రకం. కొంచెం వంచితే కొంచెం, బాగా వంచితే బాగా. హెలికాప్టర్ ముక్కు ఎంత వాలాలో మీ బొటనవేలు చెప్పగలగాలి. కీబోర్డు మీటకు రెండే స్థితులు, నొక్కడం, వదలడం. దానితో ఆడితే హెలికాప్టర్ అటూ ఇటూ ఊగిసలాడుతుంది, దిగేటప్పుడు కుదురు రాదు. అనలాగ్ స్టిక్ ఉన్న ఏ యుఎస్‌బి గేమ్‌ప్యాడ్ అయినా సరిపోతుంది. ఎమ్యులేటర్ సెట్టింగుల్లో దాన్ని జాయ్‌స్టిక్‌గా ఎంచుకోండి. ఈ ఒక్క మార్పు చేశాక ఆట తీరే మారిపోతుంది.

కమోడోర్ 64, అటారీ కంప్యూటర్లు, కొలికోవిజన్ లాంటి అప్పటి ఇతర యంత్రాలకు వచ్చిన రూపాలు కూడా దాదాపు ఇదే ఆట. 1985లో సెగా సంస్థ ఆర్కేడ్ (నాణెం వేసి ఆడే) యంత్రాలకు చేసిన రూపం మాత్రం వేరు. రంగులు ఎక్కువ, దశలు ఎక్కువ, పైగా ఇంధనం చూసుకోవాలి. ఆ రోజుల్లో ఆర్కేడ్ గేములు ఇంటి కంప్యూటర్లకు రావడమే రివాజు. ఇంటి కంప్యూటర్‌లో పుట్టి ఆర్కేడ్‌కు వెళ్ళిన కొద్ది గేముల్లో ఇదొకటి. ఇక్కడ చెప్పేది మాత్రం 1982 నాటి యాపిల్ టూ ఆట గురించి.

హెలికాప్టర్‌కు మూడు ముఖాలు

స్టిక్‌ను పక్కలకు వంచితే హెలికాప్టర్ ఆ వైపు వాలి కదులుతుంది. పైకి, కిందకి వంచితే ఎత్తు మారుతుంది. మొదటి బటన్ కాల్పులు. కొత్తవాళ్ళను తికమక పెట్టేది రెండో బటన్. అది హెలికాప్టర్ ముఖాన్ని తిప్పుతుంది. ఎడమకు ఒకటి, కుడికి ఒకటి (ఇవి పక్కముఖాలు), మీవైపు చూస్తూ ఒకటి (ఇది ఎదురుముఖం), మొత్తం మూడు ముఖాలు.

ఇక్కడ బుర్రలో పెట్టుకోవలసిన విషయం ఏమిటంటే, ముఖం ఎటు ఉందో హెలికాప్టర్ అటే వెళ్ళాలని లేదు. ఎడమకు చూస్తూ కుడికి వెనక్కి ఎగరవచ్చు. కారు నడిపే అలవాటుతో ఆడితే ఇది తట్టదు. తట్టిన రోజున ఆట సగం చేతికి వచ్చినట్టే, ఎందుకంటే తరుముకొస్తున్నదాన్ని చూస్తూనే ఇంటి దారి పట్టవచ్చు.

పక్కముఖంలో ఉన్నప్పుడు గుళ్ళు ముక్కు చూసే దిక్కున పోతాయి. ముక్కు కిందకు వాలి ఉంటే గుళ్ళూ ఏటవాలుగా నేలకే పోతాయి. ఎదురుముఖంలో ఉన్నప్పుడు కాల్చినవి నేలవైపు పడతాయి, ట్యాంకుల కోసం ముఖ్యంగా ఇదే వాడాలి. విమానాలకు పక్కముఖం, ట్యాంకులకు ఎదురుముఖం. దీన్ని చేతికి అలవాటు చేయండి, ఆలోచించి తిప్పేంత తీరిక ఆటలో దొరకదు.

మొదటి గంట: ఎవరినీ కాపాడకండి

మాట కఠినంగా ఉన్నా దీన్ని మనసులో నుంచే చెబుతున్నాను. మొదటిసారి కూర్చున్నప్పుడు బందీల దగ్గరికి వెళ్ళకండి. స్థావరం తెరకు కుడి చివర ఉంటుంది, శత్రువు భూభాగం ఎడమవైపు, మధ్యలో కంచె. కంచెకు ఇవతలే ఉండండి.

ముందు ఒకేచోట గాల్లో నిలబడడం నేర్చుకోండి. స్టిక్ వదిలినంత మాత్రాన హెలికాప్టర్ ఠక్కున ఆగిపోదు, వచ్చిన ఊపుతో కొంత దూరం జారుతుంది. ఆపాలంటే ఎదురువైపు కొద్దిగా వంచి ఊపు తగ్గించి, ఒళ్ళు నిటారుగా అయ్యాక వదలాలి. సైకిల్‌కు బ్రేకులు లేకపోతే కాలు నేలకు రాస్తాం చూడండి, ఆ ఒడుపు లాంటిది. పది పదిహేను సార్లు చేస్తే వేలికి తెలుస్తుంది.

తర్వాత దిగండి. పోస్టాఫీసు పక్కన దిగే చోటు ఉంది, అక్కడే సాధన చేయండి. దిగే వరస ఇలా ఉండాలి. ముందు పక్కకు కదలిక పూర్తిగా ఆగాలి. అప్పుడు ముఖం మీవైపు తిప్పాలి. ఆ తర్వాతే కిందకి దింపాలి. కదులుతూ, వాలుతూ, దిగుతూ అన్నీ ఒకేసారి చేయకూడదు. ఎందుకో తర్వాతి భాగంలో తెలుస్తుంది. ఒళ్ళు ఏమాత్రం వాలినా నేలను తాకకుండా మళ్ళీ లేవండి. వరసగా పదిసార్లు నిటారుగా దిగగలిగితే కంచె దాటవచ్చు.

ఎమ్యులేటర్‌లో ఆటను ఎక్కడికక్కడ భద్రపరిచే సౌకర్యం ఉంటుంది. ఈ సాధనకు దాన్ని నిస్సంకోచంగా వాడుకోండి. అసలు ఆట మొదలుపెట్టాక మాత్రం వాడకండి. పోయిన మనిషిని ఒక మీట నొక్కి వెనక్కి తెచ్చుకుంటే పైన ఉన్న ఆ మూడు అంకెలకు అర్థం మిగలదు.

దిగడం: ఇక్కడే ప్రాణాలు నిలుస్తాయి, ఇక్కడే పోతాయి

నాలుగు భవనాలు. ఒక్కోదానిలో 16 మంది. హెలికాప్టర్‌లో పట్టేది కూడా 16 మందే. మీకు ఇచ్చేవి మూడు హెలికాప్టర్లు, ఒక్క దెబ్బ తగిలితే ఒకటి పోతుంది, అందులో ఉన్నవాళ్ళంతా దానితోపాటే పోతారు.

దారిలో కనిపించే మొదటి భవనం అప్పటికే మంటల్లో ఉంటుంది, బందీలు బయటికి వస్తుంటారు. మిమ్మల్ని చూడగానే చేతులు ఊపుతారు. యాపిల్ టూ తెర మొత్తం అడ్డంగా 280 చుక్కలు, నిలువుగా 192. అందులో ఈ మనుషులకు దక్కింది వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినన్ని. అయినా వాళ్ళు చేతులెత్తి ఊపుతూ, అటూ ఇటూ పరుగులు తీస్తూ ఉంటే దిగకుండా ఉండలేం. ప్రమాదం కూడా సరిగ్గా అక్కడే ఉంది. ఆ కంగారులో దిగితే వాళ్ళ మీదే దిగుతాం.

వాళ్ళు హెలికాప్టర్ ఎటు ఉంటే అటు పరుగెత్తుకొస్తారు, కింద ఉన్నా తప్పుకోవాలని వాళ్ళకు తెలియదు. మీరు నేలకు రెండు అంగుళాల ఎత్తులో తచ్చాడుతుంటే అందరూ మీ కిందే చేరతారు. కాబట్టి గుంపుకు దూరంగా, గాల్లో ఎత్తుగా ఉన్నప్పుడే దిగే చోటు ఎంచుకోండి. గుంపుకు ఒక పక్కగా, మనిషి రెండు మూడు క్షణాలు పరుగెత్తితే చేరేంత దూరంలో ఖాళీ నేల చూసుకోండి. దాని పైన ఆగి, ఎదురుముఖం తిప్పి, తడబడకుండా ఒకే ఊపులో దిగిపోండి. సగం దిగాక ఎవరైనా కిందకు వచ్చేస్తే మొండిగా దిగకండి. లేచి, ఇంకొంచెం అవతలికి జరిగి మళ్ళీ దిగండి. పోయేది కొన్ని క్షణాలే.

వాలుగా దిగితే కూడా మనుషులు నలిగిపోతారు. ఇందాక నిటారుగా దిగడం గురించి అంతలా పట్టుబట్టింది అందుకే.

భవనం గుమ్మానికి ఎదురుగా దిగడం ఇంకో పొరపాటు. దగ్గరగా దిగితే త్వరగా ఎక్కుతారని అనిపిస్తుంది, నాకూ అలాగే అనిపించింది. కానీ హెలికాప్టరే దారికి అడ్డమై లోపలివాళ్ళు బయటికి రాలేరు. మీరు పక్కకు జరిగేదాకా వాళ్ళు అక్కడే చిక్కుకుపోతారు. ఎవరూ ఎక్కడం లేదేమిటని ఎదురుచూస్తూ కూర్చుంటే ఈలోగా ట్యాంకు వస్తుంది.

16 మంది నిండాక మిగిలినవాళ్ళు ఎక్కడానికి రారు. వెళ్ళమన్నట్టు చేతులు ఊపి, మీరు తిరిగొచ్చేదాకా అక్కడే ఆగుతారు. ఆ చేతి ఊపు చూసి వదిలి వెళ్ళడం నాకు ఇప్పటికీ తేలిక కాదు. కానీ వెళ్ళాలి. అక్కడే నిలబడితే వాళ్ళకు ఒరిగేదేమీ లేదు.

మిగతా మూడు భవనాలు తెరవడం

వీటిని మీరే కాల్చి తెరవాలి. గుండు బందీలకూ తగులుతుంది, అది మీరు కాల్చిందా శత్రువు కాల్చిందా అని చూడదు. భవనానికి దూరంగా నిలబడి, పక్కముఖంలో ముక్కు కొద్దిగా వాల్చి కాల్చండి. గోడ పేలి మంటలు రాగానే వేలు తీసేయండి. ఇంకో రెండు గుళ్ళు ఎందుకైనా మంచిదని కాల్చడం ఈ ఆటలో మంచిది కాదు.

ఒక ట్రిప్పుకు ఒక భవనమే తెరవండి, ఇది నా గట్టి సలహా. లోపల ఉన్నంతసేపు ఆ 16 మందికీ గోడల రక్షణ ఉంది. తెరిచిన మరుక్షణం వాళ్ళు ఆరుబయట ఉన్నట్టు, ట్యాంకు గుళ్ళకు ఎదురుగా ఉన్నట్టు. దారిలో కనిపించాయి కదా అని మూడూ తెరిచి వస్తే, మీరు ఒక గుంపును ఎక్కించుకునేలోపు మిగతా గుంపులు కరిగిపోతుంటాయి. ఒక భవనంలో 16, హెలికాప్టర్‌లో 16. ఆటను తయారుచేసినాయన ఈ రెండు అంకెలు ఒకటిగా పెట్టడంలోనే పద్ధతి ఏమిటో చెప్పేశాడని నాకు అనిపిస్తుంది.

ట్యాంకులు

ట్యాంకు మీకూ ప్రమాదమే, నేల మీద ఉన్నవాళ్ళకూ ప్రమాదమే. అందుకే దిగకముందే దాని సంగతి చూడాలి. దానికి పైన ఎత్తులో ఆగి, ఎదురుముఖం తిప్పి కాల్చండి. కింద బందీలు ఉంటే మాత్రం కాల్చకండి. ట్యాంకును కొంచెం ముందే, గుంపు దగ్గరికి చేరకముందే ఎదుర్కోవాలి. భవనం దాటి మరికాస్త ముందుకు ఎగిరి, వచ్చే ట్యాంకును అక్కడే పేల్చి వెనక్కి వచ్చి దిగడం నేను ఎక్కువగా చేసే పని.

ఒకటి పేల్చాక ఇంకొకటి వస్తుంది. అన్నీ అయిపోయాక దిగుదాం అనుకుంటే ఎప్పటికీ దిగలేరు. ఒకదానికి ఇంకొకదానికి మధ్య దొరికే ఆ కాస్త విరామమే మీది. ఆ విరామంలో నలుగురు ఎక్కితే నలుగురు. ట్యాంకు తెర అంచున కనిపించగానే లేవండి, దాన్ని పేల్చండి, మళ్ళీ దిగండి. ఒకే దిగుడులో 16 మందినీ ఎక్కించాలన్న పంతం పెట్టుకోవద్దు. మూడు నాలుగు సార్లు దిగి లేచి నింపుకోవడం మామూలే.

విమానాలు, గాల్లో తేలే మైన్లు

మొదటి ట్రిప్పులో శత్రువు నిద్రలో ఉన్నట్టే ఉంటాడు. తిరిగొచ్చి రెండోసారి బయల్దేరేసరికి మెలకువ వస్తుంది. ప్రతి ట్రిప్పూ అంతకు ముందుదానికంటే గట్టిగా ఉంటుంది.

జెట్ విమానాలు గాల్లో ఉన్న మిమ్మల్ని క్షిపణులతో కొడతాయి, నేల మీద ఉంటే బాంబులు వేస్తాయి. వేగం విషయంలో వాటితో పోటీ లేదు. ఒకే ఎత్తులో తిన్నగా పోతూ ఉండకండి. విమానం కనిపించగానే ఎత్తు మార్చండి, అది మీకు సూటిగా వచ్చే గీత నుంచి తప్పుకోండి. దాన్ని కూల్చడం సాధ్యమే, పక్కముఖంలో సరిగ్గా దాని ఎత్తుకు చేరి కాల్చాలి. కానీ నిండుగా మనుషులున్నప్పుడు ఆ పోరాటానికి దిగకండి. నేల మీద ఎక్కించుకుంటున్నప్పుడు విమానం శబ్దం వినిపిస్తే లేవాలా ఆగాలా అన్న సందేహం వస్తుంది. నా అనుభవంలో లేవడమే నయం. నేల మీద ఉన్నవాడు తప్పుకోలేడు.

తర్వాత గాల్లో తేలుతూ మీ వెంటపడే మైన్లు వస్తాయి. ఇవి మీరు ఎక్కడుంటే అక్కడికే వస్తాయి కాబట్టి కంగారు పుట్టిస్తాయి. ఇక్కడే ఇందాకటి వెనక్కి ఎగిరే విద్య పనికొస్తుంది. మైన్‌వైపు ముఖం పెట్టి, ఇంటివైపు వెనక్కి జారుతూ, అది మీ ఎత్తుకు రాగానే కాల్చండి. పారిపోవడం, పోరాడడం రెండూ ఒకేసారి జరుగుతాయి.

ఖాళీగా వెళ్ళేటప్పుడు తెగువ, నిండుగా వచ్చేటప్పుడు జాగ్రత్త

మూడు హెలికాప్టర్లు ఉన్నాయి, 64 మంది ఉన్నారు. ఖాళీ హెలికాప్టర్ కూలితే ఒక్క బందీ కూడా చనిపోడు. నిండుగా ఉన్నది కూలితే నాలుగో వంతు మంది ఒక్క రెప్పపాటులో పోతారు. అంటే మీ దగ్గర అదనంగా ఉన్న రెండు హెలికాప్టర్లనూ వెళ్ళేటప్పుడు పణంగా పెట్టవచ్చు, వచ్చేటప్పుడు ఒక్కటి కూడా పెట్టకూడదు.

దీన్ని ఆచరణలో పెట్టండి. చేయవలసిన పోరాటమంతా వెళ్ళే దారిలో చేయండి. ట్యాంకులను వెతికి పేల్చండి, విమానం వస్తే తలపడండి, మైన్ల మీద గురి సాధన చేయండి. మనుషులు ఎక్కాక తుపాకీని మర్చిపోయి తప్పుకోవడం ఒక్కటే చూసుకోండి. దారికి అడ్డం వచ్చినదాన్నే కాల్చండి. 64 తెచ్చిన నా ఆటలన్నింటిలోనూ తిరుగు ప్రయాణంలో నేను కాల్చిన గుళ్ళు చాలా తక్కువ.

మరి నిండకుండానే వెనక్కి రావచ్చా? రావచ్చు, కొన్నిసార్లు రావాలి. 11 మంది ఎక్కారు, మిగిలిన 5గురు ఇంకా దూరంగా ఉన్నారు, రెండు వైపుల నుంచీ ట్యాంకులు వస్తున్నాయి అనుకోండి. ఆ 11 మందిని తీసుకుని లేవండి. అయితే దీనికీ ఖరీదు ఉంది. ఆ 5గురు ఆరుబయట ఉండిపోతారు. పైగా మీకు ఒక ట్రిప్పు పెరుగుతుంది, ప్రతి అదనపు ట్రిప్పూ ఇంకాస్త కఠినమైన ఆకాశంలోకే. అందుకే ఇద్దరు ముగ్గురి కోసమైతే ట్యాంకును పేల్చి మళ్ళీ దిగే ప్రయత్నం చేస్తాను. ఆరేడుగురు ఇంకా దూరంలో ఉంటే బయల్దేరతాను. అలా వదిలి వెళ్ళినప్పుడు తర్వాతి ట్రిప్పులో కొత్త భవనం తెరవకుండా ముందు వాళ్ళ దగ్గరికే వెళ్ళాలి.

స్థావరంలో దింపడం

అక్కడికి చేరాక పని అయిపోయిందనిపిస్తుంది. కానీ నేలను తాకి, వాళ్ళు దిగి, పోస్టాఫీసులోకి నడిచి వెళ్ళేదాకా మూడో అంకె పెరగదు. దింపాక చివరి మనిషి లోపలికి వెళ్ళేదాకా ఆగండి. కొందరు ఇంకా దిగుతుండగానే లేచిపోతే లోపల మిగిలినవాళ్ళను మళ్ళీ యుద్ధానికి తీసుకెళ్ళినట్టు. రెండో అంకె సున్నా అయిందో లేదో చూసుకుని లేవండి. లేచేటప్పుడు నిటారుగా పైకి, ఆ తర్వాతే ఎడమకు.

నాలుగో ట్రిప్పు

మూడు ట్రిప్పుల్లో 48 మంది వచ్చారనుకోండి. చివరి భవనం అన్నింటికంటే దూరంలో ఉంటుంది, తిరుగు దారి అంత పొడవు. ఆకాశంలో విమానాలూ ఉన్నాయి, మైన్లూ ఉన్నాయి. కిందకు చూస్తే మీరు ముందు ఖాళీ చేసిన మూడు భవనాలు వరసగా కనిపిస్తాయి, వాటి ముందు ఎవరూ ఉండరు.

ఇక్కడ చాలామంది తొందరపడతారు. అప్పటికి చేతులు చెమర్చి ఉంటాయి, దాదాపు గెలిచాం అన్న భావన ఉంటుంది. ముందు ట్రిప్పుల్లో చేసిన పనులే అదే వరసలో చేయండి. భవనం దాటి ముందుకు వెళ్ళి ట్యాంకును పేల్చండి. వెనక్కి వచ్చి దూరం నుంచి గోడ తెరిచి వేలు తీసేయండి. గుమ్మానికి పక్కగా, గుంపుకు అవతల చోటు చూసుకోండి. ఆగండి, ముఖం తిప్పండి, దిగండి. ఎక్కినవాళ్ళను పైన ఉన్న అంకెలో లెక్కపెట్టండి. 16 కాగానే లేచి ఎత్తుకు వెళ్ళండి.

దారిలో మైన్ వెంటపడితే దానివైపు ముఖం పెట్టి వెనక్కి ఎగరండి. కంచె దాటాక కూడా వేగం పెంచకండి. పోస్టాఫీసు జెండా కనిపించాక ఊపు తగ్గించి, నిటారుగా నిలబడి, మెల్లగా దింపండి. తలుపు తెరుచుకుంటుంది, ఒక్కొక్కరే దిగి లోపలికి నడుస్తారు. 49, 50, 51. అంకె 64 దగ్గర ఆగేదాకా స్టిక్ మీద నుంచి చెయ్యి తీయకండి.